క్రెష్

తల్లి పనిలో ఉన్నంతసేపు పసివాళ్లను చూసుకునే చోటే క్రెష్. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు దీన్ని ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ 50 హద్దే ఉంది.

చోటు మాటేమిటి? ఒక్కో బిడ్డకు కనీసం 10 నుంచి 12 చదరపు అడుగులు ఉండాలని 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మార్గదర్శకాలిచ్చింది. పన్నెండంటే నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంటే ఓ చిన్న చాపంత. బిడ్డ పడుకోవడానికి చాలు. పాకడం, పరుగెత్తడం మొదలుపెడితే చాలదు. నా మటుకు ఇది మరీ ఇరుకు కొలత.

ఆ చాపంత చోటైనా అంకాపూర్ అనే ఊళ్లో పసుపు తవ్వే కూలీ తల్లికి దక్కదు. యాభై మంది లెక్క ఆమె పనిచేసే చేను దాకా రాదు. పని దగ్గరికి ఐదుగురు పసిపిల్లలొస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. పసుపు చేలకూ అలాంటి నియమం కావాలి. చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలకు చదరపు అడుగుల లెక్క ఎవరు కడతారు?