ఏడోవాడి సమాధి

ఉత్తర ఫ్రాన్స్‌లో అమియెన్స్ పట్టణానికి తూర్పున, బీట్‌దుంపలూ గోధుమలూ పండే పొలాల మధ్య మెయారికూర్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి శ్మశానంలో స్థానికుల సమాధుల పక్కనే ఒకే కొలతలో చెక్కిన తెల్లరాళ్లు కనిపిస్తాయి. వాటిమీద ఉన్నవి ఫ్రెంచి పేర్లు కావు. రెండో ప్రపంచయుద్ధంలో ఆకాశం నుంచి రాలిపడిన మిత్రరాజ్యాల బాంబర్ సిబ్బందివి. వాటిలో ఒకటి... ఆండ్రూ మినార్‌స్కీ.

కెనడాలోని విన్నిపెగ్‌లో 1916లో పుట్టాడు మినార్‌స్కీ. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. తోళ్ల పని చేసుకుని బతికే ఆ కుర్రాడు యుద్ధం రావడంతో వైమానిక దళంలో చేరి గన్నర్ అయ్యాడు. 1944 జూన్ 12 రాత్రి అతని లాంకాస్టర్ విమానం ఇంగ్లండ్ నుంచి బయల్దేరింది. కాంబ్రె రైల్వే యార్డును ధ్వంసం చేయడం పని. బయల్దేరేముందు అందరూ గడ్డిలో కూర్చుని ఉండగా మినార్‌స్కీకి నాలుగాకుల క్లోవర్ మొక్క దొరికింది. అది దొరికితే అదృష్టమని వాళ్ల నమ్మకం. దాన్ని తోటి గన్నర్ ప్యాట్ బ్రోఫీకి ఇచ్చేశాడు!

అర్ధరాత్రి దాటాక జర్మన్ ఫైటర్ విమానం వెంటపడి కాల్చింది. ఎడమ రెక్కమీది ఇంజిన్లు రెండూ పోయాయి. దూకేయమని కెప్టెన్ ఆదేశం. మినార్‌స్కీ తలుపు దాకా వచ్చి, వెనక్కి చూశాడు. విమానం తోకచివర ఉండే టరెట్‌లో బ్రోఫీ ఇరుక్కుపోయాడు. మధ్యలో మంటలు. వాటిలోంచే పాకుతూ వెళ్లి గొడ్డలితో కొట్టాడు, చేతుల్తో లాగాడు. టరెట్ కదల్లేదు. ఈలోగా ఒంటిమీది బట్టలు అంటుకున్నాయి. వెళ్లిపొమ్మని బ్రోఫీ సైగ చేశాడు. మినార్‌స్కీ మంటల్లోంచే వెనక్కి జరిగి, తలుపు దగ్గర నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. పెదవులు కదిలాయి. రోజూ రాత్రి విడిపోయేటప్పుడు అన్నట్లే ‘గుడ్ నైట్ సర్’ అన్నాడని బ్రోఫీ తర్వాత చెప్పాడు.

అవును, బ్రోఫీయే చెప్పాడు. విమానం నేలను ఢీకొన్నప్పుడు టరెట్ విరిగి అతను బయటకు విసిరేసినట్లు పడ్డాడు. బతికాడు! కాలుతున్న పారాచూట్‌తో దూకిన మినార్‌స్కీని ఫ్రెంచివాళ్లు కనుగొన్నారు కానీ, ఒళ్లంతా కాలిపోవడంతో ప్రాణం నిలవలేదు. అప్పటికి వయసు 27. విమానంలోని ఏడుగురిలో మిగతా ఆరుగురూ బయటపడ్డారు. బ్రోఫీ సాక్ష్యంతోనే 1946లో మినార్‌స్కీకి విక్టోరియా క్రాస్ వచ్చింది. చావాల్సినవాడు బతక్కపోతే ఆ మంటల్లో ఏం జరిగిందో చెప్పడానికి ఎవరూ ఉండేవారు కాదు.

సొంతవాళ్ల చేతుల్లోకి అతని దేహం చేరలేదు. సైనికులను నేలకొరిగిన దేశంలోనే ఖననం చేయాలన్నది బ్రిటిష్ సామ్రాజ్యం పాటించిన పద్ధతి. యుద్ధం ముగిశాక జర్మనీలో అక్కడక్కడా ఉన్న సమాధులను పెద్ద శ్మశానవాటికలకు చేర్చారు. ఫ్రాన్స్‌లో మాత్రం ఎన్నో చోట్ల వాళ్లను ఊళ్లలోనే ఉంచేశారు. కూలిన విమానంలో ఎవరి దేహం ఎవరిదో తేలకపోతే సిబ్బందిని కలిపి పూడ్చి, రాళ్లను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టేవారు. అధికారికైనా గన్నర్‌కైనా రాయి ఒకటే.

ఇక్కడ ఓ చేదు నిజమూ ఉంది. మిత్రరాజ్యాల బాంబుల వల్ల ఫ్రాన్స్‌లో 50 వేల మందికి పైగా పౌరులు చనిపోయారు. విమోచన కోసం ఎదురుచూసిన ఊళ్లమీదే ఆ బాంబులు పడ్డాయి. అటు బ్రిటన్ బాంబర్ కమాండ్‌లోనూ 55,573 మంది తిరిగి రాలేదు. ఆ లెక్కలో మినార్‌స్కీ ఒకడు.

మెయారికూర్‌లోని అతని రాయిమీద పేరు, హోదా, 1944 జూన్ 13 అనే తేదీ, విక్టోరియా క్రాస్ గుర్తు ఉన్నాయి. బ్రోఫీ పేరు లేదు.