కూలకముందే కొలిచి పెట్టుకుందాం

మాది పేరులోనే స్టేషనున్న ఊరు. ములుగు దగ్గర కోటగుళ్లున్న ఘన్‌పూర్ వేరు, రైలు ఆగే ఈ స్టేషన్ ఘన్‌పూర్ వేరు. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు 1886లో రైలుమార్గం పడింది. 1889కల్లా అది బెజవాడ చేరింది. అప్పటి నుంచి ఈ పట్టాల మీద ఎన్ని తరాలు ప్రయాణించాయో! అలాంటి ఊరివారం కనుక ఈ వారం ఒక చిన్న రైలు గురించి, దాని పక్కన నిలబడే మరీ చిన్న భవనాల గురించి మాట్లాడుకుందాం.

బొమ్మరైలు అనగానే పిల్లల ఆట అనుకుంటాం. కానీ ప్రపంచంలో ఎందరో పెద్దవాళ్లు ఒక బల్ల మీద పట్టాలు పరచి, గుట్టలు, చెరువులు, ఊళ్లు పేర్చి, ఒక కాలాన్నే కళ్లముందు నిలబెడతారు. ఇంజను, పెట్టెలు దుకాణంలో దొరుకుతాయి. ఇళ్లు కూడా ముక్కలుగా పెట్టెలో దొరుకుతాయి, అతికిస్తే చాలు. అయితే మన ఊరి పాత స్టేషను, మన వీధి చివరి ప్రార్థనామందిరం ఏ దుకాణంలోనూ దొరకవు. వాటిని అట్టముక్కతో మొదలుపెట్టి మన చేతులతో కట్టుకోవలసిందే. అసలు పని అక్కడే ఉంది.

ఈ పనిలో పేరు పొందినవారిలో దైవసేవకులు కూడా ఉన్నారంటే ఆశ్చర్యం కలుగుతుంది. పిల్లలందరికీ తెలిసిన థామస్ రైలింజను కథలు రాసిన విల్బర్ట్ ఆడ్రీ ఇంగ్లండులో ఒక ఆంగ్లికన్ సంఘకాపరి. తట్టు వచ్చి మంచంపట్టిన కొడుకు కోసం చెప్పిన కథలవి. 1945 నుంచి పుస్తకాలుగా వచ్చాయి. ఆయన తన కథల్లోని ఊరిని నమూనాగా కట్టి ప్రదర్శనలకు తీసుకెళ్లేవాడు. పీటర్ డెన్నీ అనే మరో సంఘకాపరి 1940ల చివర నుంచి దశాబ్దాలపాటు ‘బకింగ్‌హామ్’ అనే నమూనా రైలుమార్గాన్ని కట్టాడు. పట్టాలు, ఇంజన్లు, భవనాలు దాదాపు అన్నీ ఆయన చేతిపనే.

రాయ్ ఇంగ్లండ్ కథ మరీ గమనించదగినది. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈయన 1925లో ఇంగ్లండుకు వచ్చాడు. అక్కడి పల్లెల్లో వందల ఏళ్ల నాటి గడ్డికప్పుల ఇళ్లు ఒక్కొక్కటే కూలిపోవడం, బాగున్న ఇళ్లకు కూడా పాతకప్పు తీసి కొత్త రేకులు వేయడం చూశాడు. వాటిని కొని కాపాడే స్తోమత ఆయనకు లేదు. ‘కాపాడలేకపోతే కనీసం గుర్తుపెట్టుకుంటాను’ అన్నట్టుగా, 76వ వంతు కొలతలో వాటిని అట్టతో, నీటిరంగులతో కట్టడం మొదలుపెట్టాడు. 1954లో లాంగ్ విట్టెన్‌హామ్ అనే ఊళ్లో ఆ పనికి ఒక చోటు ఏర్పడింది. అదే నేటి పెండన్ మ్యూజియం. ఒక్కో ఇంటికి నెలలు, కొన్నింటికి ఏళ్లు పట్టాయి. ఆయన పోయినా స్వచ్ఛందంగా వచ్చేవారు ఆ పనిని ఆపలేదు.

ఇంతకూ ఎలా కడతారు? ముందు కత్తెర కాదు, టేపు పట్టుకోవాలి. భవనం చుట్టూ తిరగాలి. పొడవు, వెడల్పు కొలవాలి. అందని ఎత్తును ఇటుక వరసలు లెక్కపెట్టి తెలుసుకోవచ్చు. గోడకు ఆనించి ఒక కొలత కర్ర నిలబెట్టి ఫొటో తీస్తే, మిగతా కొలతలన్నీ ఆ ఫొటోలోనే దొరుకుతాయి. ఎక్కువమంది వాడేది 87వ వంతు కొలత. ఆ లెక్కన నలభై అడుగుల చిన్న ప్రార్థనామందిరం 14 సెంటీమీటర్లవుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక మూడు మిల్లీమీటర్లు దాటదు! గోడలకు దళసరి అట్ట, కిటికీ చువ్వలకు చీపురు ఈనెలు, పోర్టికో స్తంభాలకు అగరువత్తుల పుల్లలు సరిపోతాయి. పెంకుల కప్పుకు కాగితాన్ని సన్నని పట్టీలుగా కోసి, చూరు నుంచి మొదలుపెట్టి పైకి ఒకదాని మీద ఒకటి అతికించుకుంటూ పోవాలి. నిజం పెంకులు కప్పేదీ అలాగే. మన పాత స్టేషన్ల మీద, గుడుల మీద కనిపించే మంగళూరు పెంకులకు 1865లో మంగళూరులో కర్మాగారం పెట్టింది బాసెల్ మిషన్‌వారేనన్నది ఎంతమందికి తెలుసు?

రంగు దగ్గర చాలామంది తడబడతారు. కొత్త పెయింటు డబ్బాలోని రంగు వేస్తే అది పెళ్లిపందిరిలా మెరుస్తుంది తప్ప పాత భవనంలా ఉండదు. వానచారికలు, బొగ్గు మసి, సున్నం పెచ్చులూడిన చోటు కూడా చూపించాలి. అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ రోజుల్లో మన దేశపు స్టేషన్లలో హిందువులకు వేరు నీళ్లు, ముస్లింలకు వేరు నీళ్లు ఉండేవి. దొరలకొక గది, సామాన్యులకొక గది ఉండేవి. నమూనా కట్టేవాడు ఆ బోర్డులు తీసేసి అందమైన ఆర్చీలు మాత్రమే కడితే అది అబద్ధమవుతుంది. పాతదాన్ని గుర్తుంచుకోవడం వేరు, పొగడడం వేరు.

ఇక మన సంగతి చూద్దాం. 1874లో రైలు చేరిన సికింద్రాబాద్‌లో, ఎన్నో తరాలకు పరిచయమైన స్టేషను పాత ముఖద్వారాన్ని పునర్నిర్మాణం కోసం 2025లో కూల్చారు. జనం పెరిగారు, రైళ్లు పెరిగాయి, కొత్తది కట్టక తప్పదు. దానికి ఎవరినీ నిందించనక్కరలేదు. కానీ కూలకముందు దాన్ని అంగుళం అంగుళం కొలిచి రాసిపెట్టుకున్న ఇళ్లు ఎన్ని?

ఇదే మార్గంలో కాజీపేట దాటి వెళ్తే డోర్నకల్ జంక్షన్. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ అక్కడే ఉంది. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయపు తీరు స్తంభాలు, వాటి మధ్య క్రైస్తవ ఆరాధన! రైలు నమూనా పక్కన నిలబెట్టడానికి ఇంతకంటె మంచి భవనం ఏది? మెదక్ కెథెడ్రల్ గోపురం 175 అడుగులు. 87వ వంతుకు తగ్గించినా రెండడుగులు ఉంటుంది! చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో 1914లో మొదలై 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయాన్ని కట్టినవారిలో కరువుకాలంలో అన్నం కోసం రాళ్లు మోసిన పేదలున్నారు. నమూనా కట్టినప్పుడు గోపురంతోపాటు తట్ట మోస్తున్న ఒక చిన్న మనిషి బొమ్మను కూడా పెట్టాలని మా మనవి.

అవి పెద్ద ఆలయాలు, వాటిని చూసుకొనేవారున్నారు. మన పల్లెల్లోని చిన్న మందిరాల మాటేమిటి? సంఘం పెరిగిందని పాత పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేస్తున్నాం. మంచిదే. సంఘమంటే గోడలు కాదు, మనుషులే. కానీ మన తాతలు తొలిసారి తలెత్తుకొని కూర్చున్న చోటు అది. అప్పటిదాకా ఏ గుడిలోనూ అడుగుపెట్టనివ్వని వారికి అదొక ఇల్లయింది. దాని గుమ్మం ఎంత ఎత్తో, గంట ఏ మూలన వేలాడేదో ముప్పై ఏళ్ల తర్వాత మన మనవలకు ఎవరు చెబుతారు?

యొర్దాను దాటిన ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్లను నిలబెట్టారు. ‘ఈ రాళ్లేమిటి?’ అని పిల్లలు అడగాలన్నదే వాటి ఉద్దేశం (యెహోషువ 4). యెహెజ్కేలు ప్రవక్తయితే ఒక ఇటుక మీద యెరూషలేము రూపం గీసి, దాని చుట్టూ ముట్టడి దిబ్బలు పేర్చాడు (యెహెజ్కేలు 4). సీయోను చుట్టూ తిరిగి బురుజులు లెక్కపెట్టమని కీర్తనకారుడు కూడా చెప్పాడు. ఎందుకు? రాబోయే తరానికి చెప్పడానికి (కీర్తన 48). టేపు పట్టుకొని పాత మందిరం చుట్టూ తిరిగే కుర్రవాడు చేసేదీ ఆ పనే కదా!

కనుక యౌవనస్థుల కూటమి పెద్దలకు మా మాట ఇదే. ఈ వేసవి సెలవుల్లో పిల్లల చేతికి ఒక టేపు, ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఊళ్లోని అతి పాత భవనాన్ని, అది మందిరమైనా, స్టేషనైనా, బడైనా కొలవమనండి. పక్కన ఒక పెద్దాయననో అవ్వనో కూర్చోబెట్టి అక్కడేం జరిగేదో చెప్పించండి. తర్వాత అట్ట, జిగురు తెచ్చి కట్టించండి. గోడలు వంకరగా వచ్చినా ఫరవాలేదు, కొలతలు నిజమైతే చాలు. కూలిన తర్వాత ఎంత కోరుకున్నా ఆ కొలతలు దొరకవు. గోడలు నిలబడి ఉన్నాయి, పెద్దలు బతికి ఉన్నారు, అడిగితే చెబుతారు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.