పగడాల దిబ్బల్లో పిడుదులు తీసే చేప

తుళ్లూరు పొలాల్లో మేసే గేదె వీపు మీద గోరింక వాలి పిడుదులు ఏరుతుంటే గేదె కదలకుండా నిలబడుతుంది. ఇలాంటి పొత్తే సముద్రంలోనూ ఉంది. అక్కడ గోరింక పని చేసేది జానెడైనా లేని క్లీనర్ రాస్ అనే చేప. నీలిరంగు ఒంటి మీద మూతి నుంచి తోక దాకా వెడల్పవుతూ పోయే నల్లచార దాని గుర్తు.

కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమ తీరంలో ఇది కనిపించదు. ఇది ఉండేది పగడాల దిబ్బల్లో. పగడాలకు ఎండ దిగే తేటనీరు కావాలి, అక్కడ నీళ్లనిండా ఒండ్రే. మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీపాలకో వెళ్లాలి. లేదంటే శ్రీకాకుళం, విశాఖ మత్స్యకారులు ఎందరో స్థిరపడిన అండమాన్‌కు వెళ్లాలి.

ఈ చేప ఒకేచోట మకాం వేస్తుంది. గిరాకీ చేపలే దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. దాన్ని ఒక్క గుటకలో మింగేయగల గ్రూపర్ కూడా నోరు తెరిచి, మొప్పలు విప్పి ఓపిగ్గా నిలబడుతుంది. క్లీనర్ రాస్ ఆ నోట్లోకి దూరి, నెత్తురు తాగే పురుగుల్ని ఏరి తింటుంది. ఆస్ట్రేలియాలోని లిజార్డ్ ద్వీపం దగ్గర లెక్కవేస్తే ఒక్కో చేప రోజుకు సుమారు 1,200 పురుగుల్ని తింటోందని తేలింది.

నిజానికి దానికి పురుగుల కన్నా గిరాకీ చేప ఒంటి మీది జిగురంటేనే ఇష్టం. అది కొరికితే గిరాకీ ఉలిక్కిపడుతుంది, వెళ్లిపోతుంది, ఒక్కోసారి వెంటపడి తరుముతుంది. అప్పుడు క్లీనర్ రాస్ రెక్కలతో దాని వీపు నిమిరి బుజ్జగిస్తుంది. ఇంకో చేప చూస్తోందంటే మరీ ఒద్దికగా పనిచేస్తుంది. ఇంత చిన్న మెదడులో ఇంత లౌక్యం ఉండటం అబ్బురమే!

ఒక మగచేప, దాని వెంట కొన్ని ఆడచేపలు, అదీ వీటి కాపురం. మగది చనిపోతే పెద్ద ఆడచేప గంటల్లోనే మగ నడవడి అందుకుంటుంది, కొద్ది వారాల్లో పూర్తిగా మగచేప అవుతుంది.

2019లో జపాన్‌లోని ఒసాకాలో మసనోరి కోడా బృందం ఈ చేపల గొంతు కింద గోధుమరంగు మచ్చ పెట్టి అద్దం చూపించింది. నాలుగింటిలో మూడు, అద్దంలో ఉన్నది తామేనని తెలిసినట్టు, ఆ మచ్చ పోయేలా గొంతును నేలకు రుద్దుకున్నాయి.

లిజార్డ్ ద్వీపం దగ్గరే కొన్ని దిబ్బల నుంచి క్లీనర్ రాస్‌లను ఎనిమిదిన్నరేళ్ల పాటు తీసేస్తూ వచ్చారు. అక్కడ కాపురముండే చేపల సంఖ్య 37 శాతం, జాతులు 23 శాతం తక్కువగా తేలాయి. గాజుతొట్టెలో దీనికి చాలినంత తిండి దొరకదు, చాలాసార్లు చిక్కి చనిపోతుంది. అందంగా ఉందని ఎవరైనా అమ్మజూపితే దయచేసి కొనకండి.