ఎండకు అండ

కర్నూలు–నంద్యాల దారికి కొంచెం లోపలగా గని, శకునాల అనే రెండు ఊళ్లున్నాయి. రాళ్లు తేలిన మెట్టనేల. వాన కురిస్తే పంట, లేకుంటే బీడు. ఆ చుట్టుపక్కల దాదాపు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయినప్పుడు, ఒకేచోట అంత పెద్ద సౌర కేంద్రం ప్రపంచంలో మరెక్కడా లేదు. కరవుసీమగా పేరుపడ్డ చోట, ప్రాణం తీసే ఎండే సరుకైంది.

ఎండ అక్కడ ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా వచ్చింది సర్కారు పూనిక. భూమిని ఒకచోటికి కూర్చింది ప్రభుత్వం. సబ్‌స్టేషన్లు కట్టి, రోడ్లు పోసి, లైన్లు లాగింది ప్రభుత్వ సంస్థలు. సౌర పార్కుల పథకం కింద కేంద్రం మెగావాటుకు 20 లక్షల రూపాయల దాకా సాయం ప్రకటించింది. పుట్టిన కరెంటును పాతికేళ్లపాటు కొంటామని ప్రభుత్వరంగ సంస్థ ఎన్‌టీపీసీ సంతకం పెట్టింది. కంపెనీలకు పలకలు తెచ్చి బిగించుకోవడమే మిగిలింది.

పదిహేనేళ్లుగా మన దేశంలో సౌర విద్యుత్తు పెరిగింది ఎక్కువగా ఈ పద్ధతిలోనే. కరెంటు ధర దించడంలో ప్రభుత్వ విధానం గెలిచింది. ఆ చౌక కరెంటుకు ఎవరు యజమానులు కావాలి, ఎవరి భూమి దాని కిందికి పోవాలి అన్న దగ్గరే ఇంకా సగం దారిలో ఆగి ఉంది.

పద్దెనిమిది రూపాయల నుంచి రెండు రూపాయలకు

2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైంది. 2022కల్లా 20,000 మెగావాట్లు అన్నది లక్ష్యం. అప్పట్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్కగట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. ప్రభుత్వం ఆ ధరను అలాగే చేతిలో పెట్టకుండా వేలం పెట్టింది. అందరికన్నా తక్కువకు అమ్ముతానన్నవాడికే ఒప్పందం. తొలి వేలంలోనే ధర 10.95కు దిగింది. 2015 నవంబరులో గని పార్కు కోసం జరిగిన వేలంలో 4.63 పలికింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు 3.15, మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాకు 2.44. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో ఏకంగా 1.99.

చైనా ఫ్యాక్టరీలు పలకల ధరను నేలకు దించిన మాట నిజమే. అయితే అవే పలకలు కొన్న చాలా దేశాల్లో కరెంటు ఇంత చౌక కాలేదు. సౌర ప్లాంటుకు బొగ్గు కొననక్కర్లేదు, ఖర్చంతా మొదట్లోనే పెట్టాలి. కాబట్టి అప్పు మీద వడ్డీ ఎంతన్నదే ధరను తేలుస్తుంది. పాతికేళ్లు కొనేవాడు ప్రభుత్వరంగ సంస్థ అయితే బ్యాంకు ధైర్యంగా, తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. గని కథే ఇందుకు సాక్ష్యం. 4.63 ధర వేసి వేలం గెలిచిన సన్ఎడిసన్ సంస్థ 2016లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ప్రాజెక్టు గ్రీన్‌కో చేతికి వెళ్లింది. అయినా పని ఆగలేదు. భూమి, లైను, కొనుగోలు ఒప్పందం మూడూ సర్కారు పూచీ మీద నిలిచి ఉండటమే కారణం.

2015లో లక్ష్యాన్ని ఐదింతలు చేసి లక్ష మెగావాట్లన్నారు. గడువైతే దాటింది గానీ 2025 జనవరి నెలాఖరుకు దేశం ఆ లక్షను అందుకుంది.

సర్కారు పూచీ ఎంత సున్నితమైనదో ఆంధ్రప్రదేశ్ 2019లో చూసింది. పాత పవన, సౌర ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయి, కరెంటు పంపిణీ చేసే డిస్కంలు మునిగిపోతున్నాయి అంటూ అప్పటి ప్రభుత్వం ధరలు తిరగరాయడానికి కమిటీ వేసింది. సౌర విద్యుత్తును 2.44కే ఇమ్మంది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. ఒప్పందంలో రాసిన ధరే చెల్లించాలని, బకాయిలు తీర్చాలని 2022 మార్చిలో ధర్మాసనం తీర్పిచ్చింది. డిస్కంల కష్టం అబద్ధం కాదు. కానీ సంతకానికి విలువ లేదని బ్యాంకులకు ఒకసారి అనిపిస్తే, ఆ తరవాత వచ్చే ప్రతి ప్రాజెక్టు మీదా వడ్డీ పెరుగుతుంది. చివరికి ఆ పెంపు పడేది మన బిల్లు మీదే.

డాబా మీద లెక్క

లక్ష మెగావాట్లలో 40,000 ఇళ్ల, ఆఫీసుల పైకప్పుల మీద రావాలన్నది 2015 నాటి సంకల్పం. 2022 గడువుకు అందులో నాలుగో వంతు కూడా రాలేదు. బీడుభూముల్లో వేల మెగావాట్లు పెట్టగలిగిన దేశం డాబాల దగ్గర ఎందుకు తడబడింది?

డిస్కం వైపు నుంచి చూస్తే జవాబు దొరుకుతుంది. నెలకు నాలుగైదు వందల యూనిట్లు వాడి పై స్లాబు రేటు కట్టే ఇల్లే డిస్కంకు బంగారు బాతు. ఆ డబ్బుతోనే చిన్న వినియోగదారుల రాయితీని కొంత పూడ్చుకుంటుంది. డాబా మీద పలకలు పెట్టుకునే స్తోమత ముందుగా ఉండేది కూడా ఆ ఇంటికే. కాబట్టి సోలార్ దరఖాస్తు వస్తే డిస్కం తన ఆదాయం పోతుందనే చూస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ చాలదంటారు, ఇంటికి వచ్చే, ఇంటి నుంచి పోయే కరెంటును లెక్కించే నెట్ మీటర్లు స్టాకు లేవంటారు, తనిఖీకి రావలసినవారు రారు. దీన్ని సిబ్బంది బద్ధకం కింద కొట్టిపారేయడం న్యాయం కాదు. నష్టపోయే సంస్థ చేతికే తాళంచెవి ఇచ్చిన విధానంలో ఉంది లోపం.

2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ ఈ ముడిని కొంత విప్పింది. 75,021 కోట్ల రూపాయలతో కోటి ఇళ్లకు సౌర పలకలన్నది పథకం. కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడు కిలోవాట్లు అంతకుమించి అయితే మొత్తం 78,000 రూపాయల రాయితీ. మిగతా సొమ్ముకు పూచీకత్తు లేని బ్యాంకు రుణం. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన అక్కర్లేదని, 5 కిలోవాట్ల దాకా లైను బలపరచవలసి వస్తే ఆ ఖర్చు డిస్కందేనని 2024లో నిబంధనలు మార్చారు. కాగితం మీద చిన్నవిగా కనిపించే ఈ రెండు మార్పులూ రాయితీ అంత విలువైనవి. 2025 సెప్టెంబరులో సౌర పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

మూడు కిలోవాట్ల పలకలు మన ఎండకు నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తాయి. మధ్యతరగతి ఇంటికి లెక్క చక్కగా కుదురుతుంది. పేద ఇంటి దగ్గరికి వచ్చేసరికే చిక్కు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లే లేదు. బిల్లు లేని ఇల్లు అప్పుచేసి పలకలు ఎందుకు పెట్టుకుంటుంది? ఒక ప్రభుత్వ సాయం ఇంకో ప్రభుత్వ సాయానికి అడ్డుపడుతోంది. ఉచిత కరెంటు తీసేయమని నేననను. పేదింటికి వెలుగు హక్కుగానే ఉండాలి. ఏటా డిస్కంకు కట్టే ఆ రాయితీ సొమ్మునే ఒకసారి పెట్టుబడిగా మార్చి ఆ ఇంటి మీదే పలకలు పెట్టవచ్చు గదా అన్నదే ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు ఆ దారే పట్టింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టిస్తామని, బీసీలకు కేంద్ర రాయితీకి తోడు మరో 20,000 ఇస్తామని ప్రకటించింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఇప్పటికే నెలకు 200 యూనిట్లు ఉచితం. రెండు కిలోవాట్లతో నెలకు 240 యూనిట్ల దాకా వస్తాయి. ప్రభుత్వానికి రాయితీ భారం తగ్గుతుంది, ఇంటికి సొంత కరెంటు వస్తుంది. పథకాల్లో ఇంత న్యాయంగా అమరిన లెక్క అరుదు. పలకలు పట్టేంత గట్టి కప్పు లేని రేకుల ఇళ్ల మాటేమిటన్నది మాత్రం ఇప్పుడే తేల్చాలి. ఊరి బడి మీదో పంచాయతీ ఆఫీసు మీదో ఉమ్మడిగా పెట్టి, యూనిట్లను ఆ ఇళ్ల బిల్లుల్లో జమ చేస్తే సరి. పలకల మీద దుమ్ము కడగాలి, ఇన్వర్టర్ చెడితే బాగుచేయాలి. బిగించినవాడు ఫోన్ ఎత్తకపోతే ఎవరిని అడగాలో కూడా ఆ ఇల్లాలికి తెలిసుండాలి.

మోటారు దగ్గర

తెలుగు రాష్ట్రాల్లో కరెంటు రాజకీయమంతా బోరు మోటారు చుట్టూ తిరుగుతుంది. 2004 మేలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చింది. అర్ధరాత్రి కరెంటు కోసం పొలంలో కాపలా పడుకుని పాము కాటుకు, షాకుకు ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల సంగతి ఎరిగినవాళ్లెవరూ ఈ నిర్ణయాలను తేలిగ్గా తీసిపారేయలేరు.

సౌర విద్యుత్తు పగలే పుడుతుంది. రైతుకు కావలసింది పగటి కరెంటే. ఇంత సహజమైన జోడీ ఇంకొకటి లేదు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం ఉద్దేశం ఇదే. బీడునేలలో, సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు, 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల దాకా చిన్న ప్లాంట్లు రైతులే పెట్టుకోవచ్చు. మోటార్లున్న ఫీడర్ మొత్తాన్ని ఎండ మీద నడపవచ్చు. లైను లేని చోట సోలార్ పంపు వేసుకుంటే కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం భరిస్తాయి.

ఈ మూడింటిలో నాకు ఎక్కువ ఆశ కలిగించేది మొదటిది. పథకం ఆగిపోయేదీ అక్కడే. మెగావాటు ప్లాంటుకు నాలుగైదు ఎకరాలు, మూడు నాలుగు కోట్ల రూపాయలు కావాలి. ఏడాదికి పదిహేను పదహారు లక్షల యూనిట్లు వస్తాయి. తెలంగాణలో వాటికి నిర్ణయించిన ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు, అంటే ఏటా యాభై లక్షల దాకా. వడ్డీ కట్టి, మెయింటెనెన్స్ పోగా రైతుకు మిగిలేది పలచనే. వేల ఎకరాల పార్కుకు వచ్చే చౌక వడ్డీ నాలుగెకరాల రైతుకు రాదు. బ్యాంకు అతన్ని తాకట్టు అడుగుతుంది. గనిలో కంపెనీల వెనక నిలబడ్డ పూచీ ఇక్కడ రైతు వెనక కూడా నిలబడితే పథకం తానే నడుస్తుంది.

తెలంగాణ మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సౌర ప్లాంట్లు పెట్టించాలని పూనుకుంది. బ్యాంకు అప్పును వాయిదా తప్పకుండా కట్టడంలో మన పొదుపు సంఘాలకున్న పేరు చిన్నది కాదు. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. 12,600 కోట్లతో రెండు లక్షలకు పైగా గిరిజన రైతుల పోడు పట్టా భూములకు, ఆరు లక్షల ఎకరాలకు, సోలార్ పంపులతో నీరివ్వాలన్నది లక్ష్యం. అడవిలోకి కరెంటు లైను లాగడం కన్నా ఎండను అక్కడే పట్టుకోవడం అన్ని విధాలా మేలు. బోరు ఎంత లోతున పడుతుంది, ఎన్నేళ్లు నీరిస్తుంది అన్న లెక్క కూడా పంపుతోపాటే వేయాలి. ఎండ ఉచితమని ఎడాపెడా తోడితే భూగర్భజలం మిగలదు.

పొద్దు గుంకాక

సాయంత్రం ఆరు తరవాత పలకలు నిద్రపోతాయి, ఇళ్లలో వాడకం లేస్తుంది. పగలు మిగిలిన కరెంటును దాచుకోవడమే ఇకమీది అసలు పని. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున నీటిని తిరిగి పైకెత్తగల టర్బైన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇలా నీటిని పైకెత్తి కరెంటు దాచే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టును గ్రీన్‌కో చేపట్టింది. బ్యాటరీ కేంద్రాల పెట్టుబడిలో 40 శాతం దాకా భరిస్తామని కేంద్రం 2023లో పథకం తెచ్చింది.

నేల ఎవరిది

ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో ప్రకటించిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానంలో ఒక్క సౌర విద్యుత్తు లక్ష్యమే 78,500 మెగావాట్లు. మెగావాటుకు నాలుగు ఎకరాలు వేసుకున్నా మూడు లక్షల ఎకరాలు దాటుతుంది. ఇంత భూమి ఎక్కడినుంచి, ఏ షరతు మీద వస్తుందన్నది రాబోయే పదేళ్లలో సీమ పల్లెల జాతకం.

అనంతపురం సరిహద్దు దాటగానే కర్ణాటకలో పావగడ. అటువైపు ఊళ్లలోనూ తెలుగు బాగా వినిపిస్తుంది. అక్కడ ఐదు గ్రామాల్లో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. వేరుశనగ ఎండిపోయి అప్పులపాలైన రైతుకు ఏటా ఖాయంగా వచ్చే ఆ సొమ్ము పెద్ద ఊరట. పార్కులకు భూమి తీసుకునే పద్ధతుల్లో నేనెరిగినంతలో ఇదే మేలైనది.

అయితే సెంటు భూమి లేనివాళ్లకు కౌలు రాదు. కలుపు తీతలు, కాయ కోతలు పోయాయి. గొర్రెలు మేసిన బీడు చుట్టూ కంచె పడింది. పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా వంటి పనులు ఊళ్లోని కొద్దిమందికే అందాయి. సత్యసాయి జిల్లా ఎన్‌పీ కుంటలో తరతరాలుగా సాగులో ఉన్నా కాగితం లేని రైతులు పరిహారం కోసం ఆందోళనలు చేశారు. 2025 జూన్‌లో ఉలవపాడు మండలం కరేడు రైతులు జాతీయ రహదారి మీద బైఠాయించింది, సౌర పలకల ఫ్యాక్టరీకి తమ పొలాలు ఇవ్వబోమనే. ఎండ కరెంటు మీద వాళ్లకు పగ లేదు. అడగకుండా తీసుకోవడం మీదే ఉంది.

కాబట్టి కొత్త పార్కుకు ఒక్క పలక దిగకముందే మూడు పనులు జరగాలి. పండే భూమిని జాబితాలోంచి తీసేయాలి. పట్టాదారులతోపాటు సాగుదారులను, కూలీలను, గొర్రెల కాపర్లను గ్రామసభలో పేరుపేరునా నమోదు చేయాలి. పుట్టిన ప్రతి యూనిట్ మీద కొన్ని పైసలు ఆ గ్రామ పంచాయతీకి, అందులోంచి భూమి లేని కుటుంబాలకు చేరేలా కొనుగోలు ఒప్పందంలోనే రాయాలి. కంపెనీకి పాతికేళ్ల ధర పూచీని కోర్టు దాకా వెళ్లి నిలబెట్టిన ఆ కాగితం మీదే, ఆ సంతకాల పక్కనే, ఈ షరతులకూ చోటుంది.