21 రోజుల చాలెంజ్‌లో నేను చెప్పిన తప్పు | అలవాటు నిజంగా ఎలా పడుతుంది?

ఈ రోజు ముందుగా మీకు ఒక సారీ చెప్పాలి. పోయిన జనవరిలో మన ఛానల్‌లో ‘21 రోజుల్లో కొత్త మనిషి’ అని ఒక చాలెంజ్ పెట్టాను, గుర్తుందా? పొద్దున ఐదింటికి లేవాలి, ఐదు కిలోమీటర్లు పరుగెత్తాలి, చన్నీళ్ల స్నానం, ఇరవై నిమిషాల ధ్యానం, చక్కెర పూర్తిగా బంద్. ఐదూ ఒకేసారి. 21 రోజులు పట్టుబట్టి చేస్తే తర్వాత అలవాటు దానంతట అదే పడిపోతుందని చాలా ధీమాగా చెప్పాను. ఆ వీడియో కింద ఇప్పటికీ కామెంట్లు వస్తున్నాయి. ఎక్కువ మందిది ఒకటే మాట: ‘అన్నా, తొమ్మిదో రోజు మిస్ అయింది, ఇంక వదిలేశా. నాతోని కాదు.’

ఆ ‘నాతోని కాదు’ చదివినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది. ఎందుకంటే నాతోని కూడా కాలేదు. 14వ రోజు రెండు కిలోమీటర్లకే కూలబడ్డాను. ఆ రోజు వీడియోలో మీరు చూసిన చివరి కిలోమీటరు 11వ రోజు తీసింది. టీషర్ట్ ఒకటే కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. మీరు ఫెయిల్ అయ్యామనుకున్నారు, నేను ఎడిటింగ్‌తో పాస్ అయ్యాను. అంతే తేడా.

అసలు ఈ 21 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్న వాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించి, 1960లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. కనీసం అన్నాడు, గుర్తుపెట్టుకోండి. అది కూడా ముఖం సంగతి, రన్నింగ్ సంగతి కాదు. ఆ మాట చేతులు మారుతూ మారుతూ వచ్చేసరికి ‘కనీసం’ ఎగిరిపోయింది, ముఖం కూడా పోయింది, 21 మాత్రం మిగిలింది. నేను చెక్ చేయకుండా అదే మీకు చెప్పాను. ఆఫీసులో ఇలా టెస్ట్ చేయని కోడ్ పంపితే మా టీమ్ లీడ్ నన్ను నిలబెట్టి కడిగేవాడు.

దీన్ని సరిగ్గా కొలిచిన వాళ్లు ఉన్నారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరు ఒక్క చిన్న పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో చేయాలి. టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం భోజనంతో, అలా. 12 వారాలు చూశారు. ఆలోచించకుండానే చేసే స్థాయికి రావడానికి పట్టిన రోజులు మనిషి మనిషికీ మారాయి: తక్కువలో తక్కువ 18, ఎక్కువలో ఎక్కువ 254. మధ్యలో పడ్డ అంకె 66. (స్టడీ నడిచింది 84 రోజులే కదా, 254 ఎక్కడిది అని అడిగే ఇంజినీర్ తమ్ముళ్లకు: అది గ్రాఫ్ ముందుకు పొడిగించి వేసిన అంచనా.) నీళ్లు తాగడం లాంటివి తొందరగా కుదిరాయి, ఎక్సర్‌సైజ్ లాంటివి ఆలస్యంగా కుదిరాయి. నాకు అన్నింటికంటే నచ్చిన ఫలితం ఇంకోటి ఉంది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే పెద్ద నష్టమేమీ జరగలేదు. గ్రాఫ్ సున్నాకు పడిపోలేదు.

అంటే ఆ తొమ్మిదో రోజు తమ్ముడు, వదిలేయాల్సిన అవసరమే లేదు. పదో రోజు మామూలుగా చేస్తే సరిపోయేది. ‘ఒక్కసారి తెగితే మళ్లీ ఒకటో రోజు’ అని రూల్ పెట్టింది నేనే.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన ఏడాది మార్చిలో నేను రక్తపరీక్ష చేయించుకున్నాను. హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. ఈ పరీక్ష ఏం చెబుతుందంటే, రక్తంలో గ్లూకోజ్ ఎర్ర కణాలలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. కాబట్టి ఎంత అంటుకుందో చూస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలిసిపోతుంది. నిన్న తిన్న స్వీటు దాచినా ఇది దాయదు. 5.7 లోపు ఉంటే నార్మల్, 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే డయాబెటిస్. నా వయసు అప్పటికి 27. ఛానల్‌లో ఫిట్‌నెస్ పాఠాలు చెప్పేది నేను, రిపోర్టు చూడండి ఎలా వచ్చిందో! 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా డయాబెటిస్ ఉంది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది ఈ ప్రీ స్టేజీలో ఉన్నారు. నేను ఆ రెండో గుంపులో ఒకణ్ని.

మా ఇంట్లో ఇది కొత్త కాదు. మా బాపుకు షుగర్. మా తాతకు కూడా ఉండేది, కానీ రిటైర్ అయిన తర్వాతే బయటపడింది. తాత శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసిండు. 1930లలో పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా బోధనోళ్లు గర్వంగా చెప్పుకునేవాళ్లు, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరుకు సీజన్‌లో ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడిచేది, షిఫ్టు ఎప్పుడుంటే అప్పుడు తాత సైకిల్ తీసేవాడు. మా ఊరి నుంచి రానూ పోనూ పది కిలోమీటర్లు. వానలో, చలిలో, జ్వరం తగ్గీ తగ్గకుండా. ఆయన జీవితంలో ‘ఎక్సర్‌సైజ్’ అనే మాట వాడలేదు. ‘మోటివేషన్’ అసలే తెలీదు. డ్యూటీ ఉంది, సైకిల్ ఎక్కాలి, అంతే.

రిటైరయ్యాక సైకిల్ గోడకు ఆనుకుంది. టైర్లలో గాలి దిగిపోయింది. తాత బద్ధకస్తుడు అయిపోయాడా? కాదు. ఆయన సైకిల్ ఒక కొక్కేనికి తగిలించి ఉంది, ఆ కొక్కెం పేరు షిఫ్టు. కొక్కెం ఊడింది, సైకిల్ కింద పడింది. రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆ పాత సైకిల్‌ను తలచుకుంటుంటే నా చాలెంజ్‌లో లోపం ఏంటో అర్థమైంది. మీకు ఐదు పనులు ఇచ్చాను గానీ ఒక్క కొక్కెం కూడా ఇవ్వలేదు. గడియారాన్ని మాత్రం ఇచ్చాను.

కోడింగ్ చేసేవాళ్లకు ఇది ఈజీగా తెలుస్తుంది. క్రాన్ జాబ్ అని ఉంటుంది. పొద్దున ఐదింటికి నడవాలి అని సెట్ చేస్తే ఐదింటికే నడుస్తుంది. ఆ టైమ్‌లో సర్వర్ ఆఫ్‌లో ఉంటే? ఆ రోజుకు పోయినట్టే. ఆరింటికి సర్వర్ లేచినా అది మళ్లీ నడవదు. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసినవాడి సర్వర్ ఐదింటికి ఆన్‌లో ఉంటుందా చెప్పండి. ఇంకో రకం ఉంటుంది, ట్రిగ్గర్. ఫలానా పని పూర్తవగానే ఇది నడవాలి అని రాస్తాం. పని ఎనిమిదింటికి అయితే ఎనిమిదింటికి, పదింటికి అయితే పదింటికి. మీ రోజులో ఎలాగూ జరిగే పనులు ఏమున్నాయో చూడండి. పళ్లు తోముతారు, చాయ్ తాగుతారు, అన్నం తింటారు, ఫోన్ చార్జింగ్ పెడతారు. మీ కొక్కేలు అవే.

నేను రెండే తగిలించుకున్నాను. రాత్రి తిన్న చెయ్యి కడుక్కున్నాక తువ్వాలతో కాదు, చెప్పులతో పని. చెయ్యి కడగడం, చెప్పులు వేసుకోవడం, 15 నిమిషాలు నడక. బాపును కూడా లాగాను. ఎరువుల దుకాణంలో పొద్దంతా కుర్చీలో కూర్చునే మనిషి, మొదటి వారం సందు చివరి దాకా వచ్చి ‘ఇగ చాలు’ అనేవాడు. సరే అని వెనక్కి వచ్చేవాళ్లం. తిన్నాకే ఎందుకంటే, తిన్న తర్వాతే రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది, సరిగ్గా అప్పుడు కాళ్ల కండరాలు పనిచేస్తే ఆ గ్లూకోజ్‌ను అవి లాగేసుకుంటాయి. కదిలే కండరం ఇన్సులిన్ పూర్తిగా వచ్చేదాకా ఎదురుచూడదు. అందుకే మామూలు నడక కూడా పనికొస్తుంది, చెమటలు కారాల్సిన పని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతుంది. రోజుకు 15 అంటే వారానికి 105. సరిపోదు, నాకూ తెలుసు. కానీ సున్నా నుంచి 105కి వచ్చాను, మిగతాది ఆదివారం చెరువు కట్ట మీద చూసుకుంటున్నా. ఒక జాగ్రత్త: షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు నడక పెంచే ముందు డాక్టర్‌కు చెప్పండి, నడుస్తున్నాం కదా అని మాత్రలు మీరే ఆపేయకండి.

రెండోది చాయ్. చక్కెర ఊరి వాణ్ని, చక్కెర గురించి చెప్పడం నాకే ఇబ్బంది. ఆఫీసు రోజుల్లో ఐదు చాయ్‌లు తాగేవాణ్ని, ఒక్కోదానికి రెండు చెంచాలు. చెంచాకు నాలుగు గ్రాములు వేసుకున్నా 40 గ్రాములు. విడిగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బిస్కెట్లు, కూల్‌డ్రింక్ ఇందులో కలపలేదు. మధ్యాహ్నం మూడింటికి నిద్ర ముంచుకొస్తే ‘ఎనర్జీ’ కోసం చాయ్, రాత్రి నిద్ర పట్టకపోతే రీల్స్, పొద్దున లేవలేక మళ్లీ చాయ్. తాగిన కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి చాయ్ రాత్రి పదకొండుకు కూడా సగం మీతోనే ఉంటుంది. ఇప్పుడు రెండు చాయ్‌లు, ఒక్కో చెంచా. ఒక్కసారిగా కాదు, మూడు నెలల్లో తగ్గించాను. ఆ పొద్దుటి చాయ్‌కే ఇంకో చిన్న రూల్ తగిలించాను: పొయ్యి మీద చాయ్ మరిగేదాకా ఫోన్ ముట్టను. ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌లో ఉంటుంది. ఐదారు నిమిషాలు గిన్నె ముందే నిలబడతా. అల్లం వాసన వస్తుంది, పొంగు పైకొస్తుంది, దించాలి. మొదటి వారం చెయ్యి జేబులోకి దానంతట అదే పోయేది, నవ్వొచ్చేది నాకే. మైండ్‌ఫుల్‌నెస్ యాప్‌కు ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టి మూడు సార్లు తెరిచినవాణ్ని నేను. ఈ గిన్నె దానికంటే బాగా పనిచేస్తోంది.

ఇక మీరు కామెంట్లలో ఎప్పుడూ రాసే పేరు, మన నిజామాబాద్ నిఖత్ జరీన్. ‘అన్నా, ఆమె లాగ డిసిప్లిన్ కావాలి’ అంటారు. రీల్స్‌లో ఆమె పంచ్‌లే కనిపిస్తాయి. నాకు ఆమె కథలో ముఖ్యమైన సంవత్సరం 2017. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయిన అమ్మాయికి ఆ ఏడాది భుజం జారిపోయింది, ఆపరేషన్ అయింది, దాదాపు ఏడాది రింగ్‌కు దూరం. మన 21 రోజుల లెక్కలో చూస్తే స్ట్రీక్ ఎన్నిసార్లు తెగినట్టు? 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ. 2024 పారిస్‌లో రెండో బౌట్‌లోనే ఓడిపోయింది, అది కూడా ఆమె కథే. ఆమెది వృత్తి, కోచ్‌లు ఉంటారు, క్యాంపులు ఉంటాయి, మన 15 నిమిషాల నడకను దాంతో పోల్చడం లేదు. గ్యాప్ వచ్చిందంటే అయిపోయినట్టు కాదని మాత్రం మన జిల్లాలోనే ఒకరు చూపించారు.

నాకూ గ్యాప్‌లు వచ్చాయి. పెళ్లిళ్ల సీజన్‌లో వరసగా నాలుగు రోజులు పోయాయి. వానాకాలంలో మా సందులో మోకాలి లోతు నీళ్లు, అప్పుడు ఇంట్లోనే వరండాలో అటూ ఇటూ తిరిగాం, బాపు ‘గానుగెద్దు లెక్కున్నం’ అని ఒకటే నవ్వు. తప్పిన రోజును మర్నాడు డబుల్ చేయలేదు. మర్నాడు చెయ్యి కడుక్కున్నాక చెప్పులు వేసుకున్నాం, అంతే.

ఐదు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ చేయిస్తే నాది 5.6. గీతకు ఇటువైపు వచ్చానంతే. బరువు రెండున్నర కిలోలు తగ్గింది, థంబ్‌నెయిల్‌లో బిఫోర్-ఆఫ్టర్ ఫొటో పెట్టేంత లేదు, అందుకే పెట్టలేదు. బాపు షుగర్ కొంచెం తగ్గింది, మందులు నడుస్తూనే ఉన్నాయి. కానీ ఇప్పుడు ఎడిటింగ్‌లో పడి నేను కూర్చునే ఉంటే ఆయనే గుమ్మం దగ్గర నిలబడి ‘ఏం రా, ఇయ్యాల లేదా?’ అంటున్నాడు. ఎన్నో రోజుకు అలా అడగడం మొదలుపెట్టాడో నేను రాసుకోలేదు. 66 దాటే ఉంటుంది.

ఆ పాత చాలెంజ్ వీడియో డిలీట్ చేయడం లేదు, మీ కామెంట్లు దాంట్లో ఉన్నాయి. పైన ఈ వీడియో లింక్ పిన్ చేస్తున్నా. తొమ్మిదో రోజు దగ్గర ఆగిపోయినవాళ్లు ఉంటే, మీరు రోజూ తప్పకుండా చేసే పని ఏంటో, దానికి ఏం తగిలిస్తారో కింద ఒక్క లైన్‌లో రాయండి. ఒక్కటే రాయండి, ఐదు కాదు. రేపు చదువుతా. ఇప్పుడు తొమ్మిదిన్నర అయింది, అన్నం తినేసి కెమెరా ముందుకొచ్చా, బయట చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.