జీతం ఆగిన నెలలో

పని పోయిందని ఇంట్లో చెప్పడానికి మా తమ్ముడికి పదకొండు రోజులు పట్టింది. రోజూ పొద్దున్నే చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లేవాడు. మీరు అలా చేయకండి. ముందు ఇంట్లో చెప్పండి.

"రాజీనామా రాసివ్వు, నీకే మర్యాద" అన్నారట ఆఫీసులో. వాడు రాసిచ్చాడు. అక్కడే దెబ్బతిన్నాడు. మన మలేషియాలో పెర్కేసో వారి ఉద్యోగ బీమా 2018 నుంచి ఉంది. పనిలోంచి తీసేస్తే, లెక్కలోకి తీసుకునే జీతంలో మొదటి నెల 80 శాతం ఇస్తారు. రెండో నెల 50, తర్వాత రెండు నెలలు 40, ఆపైన 30. ఎన్ని నెలలు చందా కట్టారో దాన్నిబట్టి మూడు నుంచి ఆరు నెలలు వస్తుంది. పని పోయిన 60 రోజుల్లోపు అడగాలి. కానీ మీ అంతట మీరు మానేస్తే రాదు. అందుకే ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆగండి.

ఇక ఖర్చులు. బియ్యం, అద్దె, కరెంటు, పిల్లల బడి బస్సు ముందు. కారు వాయిదా కట్టలేకపోతే బ్యాంకు వాళ్లు ఫోన్ చేసేదాకా ఉండకండి, మీరే వెళ్లి చెప్పండి. ఏకేపీకేలో అప్పుల సలహా ఉచితం. ఈపీఎఫ్‌లో 2024 నుంచి మూడో ఖాతా ఉంది. అందులోంచి ఎప్పుడైనా తీసుకోవచ్చు. నేనైతే దాన్ని ఆఖరికి ఉంచుతాను. అలాంగ్ దగ్గరికి మాత్రం వెళ్లకండి.

మా అవ్వ ఉన్న తోటలో వాన పడితే రబ్బరు గీత లేదు, కూలి లేదు. అందుకని రోజూ వండే బియ్యంలోంచి గుప్పెడు తీసి ఒక రేకు డబ్బాలో వేసేది. ఆ డబ్బా ఇప్పుడు తమ్ముడింట్లో ఉంది. మరదలు అందులో కరెంటు బిల్లుకని చిల్లర వేస్తోంది.