సామాను తగ్గితే చిక్కు ఎంత తగ్గుతుంది?

“నిన్ననే సర్దాను, ఈ రోజు మళ్ళీ చిందరవందర!” ఈ మాట వినిపించని ఇల్లు అమీర్‌పేటలోనే కాదు, ఎక్కడా ఉండదు. తప్పు మీదా, మీ తమ్ముడిదా అని వాదులాడుకునే ముందు ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

మీ ఇంట్లో పది వస్తువులు, వాటికి పది చోట్లు ఉన్నాయనుకోండి. పెన్ను, అట్లాసు, తాళంచెవి, దువ్వెన, కత్తెర, ఇలా. ప్రతి వస్తువూ తన చోటులోనే ఉండే అమరిక ఒక్కటే. మరి మొత్తం అమరికలు ఎన్ని? మొదటి చోట పదింటిలో ఏదైనా ఉండవచ్చు. రెండో చోట మిగిలిన తొమ్మిదింటిలో ఏదైనా ఉండవచ్చు. ఇలా 10 నుంచి 1 వరకు అంకెలన్నిటినీ హెచ్చవేస్తే 36,28,800 వస్తుంది. సెకనుకొక అమరిక చొప్పున, తిండీ నిద్రా మానేసి మార్చుకుంటూ పోయినా అన్నీ పూర్తి కావడానికి సరిగ్గా 42 రోజులు పడుతుంది! వీటిలో సర్దినట్టు ఉండేది ఒక్కటి. మిగిలిన 36,28,799లో కనీసం రెండు వస్తువులైనా తారుమారై ఉంటాయి. హడావిడిలో ఎక్కడ పడితే అక్కడ పెట్టే చెయ్యి ఆ ఒక్క అమరికనే కుదర్చగలదా?

లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1877లో వాయువులోని అణువుల విషయంలో ఇలాంటి లెక్కింపే చేశాడు. అమరికల సంఖ్యకూ, ఎంట్రోపీ అనే రాశికీ ఉన్న సంబంధాన్ని వియన్నాలో ఆయన సమాధి మీద చెక్కారు. చిందరవందర గదిలో ఎంట్రోపీ పెరిగిందని కొందరు సరదాకు అంటుంటారు. పరీక్షలో మాత్రం అలా రాయకండి! అణువులు తమంతట తామే ఎడతెగకుండా కదులుతాయి. మీ చెప్పులు కదలవు, వాటిని కదిపేది మీరే. పోలిక లెక్కింపులో ఉంది, అంతవరకే.

ఇప్పుడు పదింటిలో ఐదు వస్తువులు తీసివేయండి. అమరికలు సగం అవుతాయా? కావు. 5 × 4 × 3 × 2 × 1, అంటే 120 మాత్రమే మిగులుతాయి. సామాను సగం తగ్గితే అమరికలు 30,240వ వంతుకు పడిపోయాయన్నమాట. కొత్త పెట్టెలు కొని సర్దడం కంటే ఉన్న వస్తువులను తగ్గించడమే మేలని నేననేది ఇందుకే. ఆ పెట్టెలూ సామానే కదా!

అయితే సామాను ఎందుకు పెరుగుతుంది? కుళాయి, తూము రెండూ ఉన్న నీళ్ళ తొట్టిని తలచుకోండి. పంజాగుట్టలో రెండు పడకగదుల ఫ్లాటు కూడా అలాంటి తొట్టే. వార్తాపత్రికలు, పార్సిలు అట్టపెట్టెలు, పెళ్ళి శుభలేఖలు, మిఠాయి డబ్బాలు తలుపులోంచి వస్తూనే ఉంటాయి. పాత పేపర్లవాడు వచ్చినప్పుడు కొన్ని పోతాయి. రోజుకు మూడు వస్తువులు వచ్చి రెండు పోతే ఏడాది తిరిగేసరికి 365 మిగులుతాయి. అవి అటక ఎక్కుతాయి. అమీర్‌పేట హాస్టళ్ళలో ఇది మరీ స్పష్టం. కంప్యూటరు కోర్సులకు జిల్లాల నుంచి వచ్చిన అన్నయ్యలు, అక్కయ్యలు కొన్ని నెలలుండి వెళ్ళిపోతారు. స్పైరల్ బైండింగు నోట్సు, పగిలిన బకెట్టు మాత్రం వెళ్ళవు. చివరికి అవి చేరేది డాబా మీదికే.

డాబా మీద వానపడితే కథ మారుతుంది. డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమకు మురికికాలువ అక్కరలేదు. పగిలిన బకెట్టులో, పాత టైరులో, వాడని కూలరులో నిలిచిన కాసిని మంచినీళ్ళు చాలు. ఇది నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్ళీ వానకు నీరు పైకి రాగానే పొదుగుతాయి! కాబట్టి నీళ్ళు పారబోస్తే సరిపోదు, లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దాలి. వెచ్చని రోజుల్లో గుడ్డు దోమ కావడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికొకసారి ఈ పని చేయమనడానికి కారణం అదే. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇందుకు కేటాయించమని ప్రజలను కోరింది. ఈ దోమ సాధారణంగా కొద్ది వందల మీటర్లకు మించి ఎగరదు. మిమ్మల్ని కుట్టిన దోమ మీ డాబా మీదనో, పక్కింటి డాబా మీదనో పుట్టి ఉంటుంది.

దోమల మాట వచ్చింది కనుక మరొకటి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి సికింద్రాబాదు వైపు వెళితే తరువాతి స్టేషను బేగంపేట. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది ఆ బేగంపేటలోనే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కోసిచూసిన దోమ అనాఫిలిస్ జాతిది, మన బకెట్టు దోమ వేరు.

ఈ నెల ఒక పుస్తకంలో రెండు గళ్ళు గీయండి. రోజూ ఇంట్లోకి వచ్చినవి ఒకదానిలో, బయటికి పోయినవి రెండోదానిలో రాయండి. కూరగాయలు, పాలు వద్దు, నిలిచి ఉండేవే లెక్క. పాత సెల్‌ఫోన్లు, బ్యాటరీలు మాత్రం చెత్తబుట్టలో వేయకుండా వేరుగా ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. నలిగిన లిథియం బ్యాటరీ మండగలదు. ఇక ఆదివారం పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని డాబా ఎక్కండి. ఏ డబ్బాలోనైనా సన్నని పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తే ఆ నీటిని కాలువలో కాక ఎండిన నేల మీద పోయండి. నీరు ఇంకిపోగానే అవి చచ్చిపోతాయి.